క్రీడాపుటలో స్త్రీ

ఉదయమున వార్తాపత్రిక విప్పి తిన్నగా క్రీడాపుటకు పోవు పాఠకుని కన్ను అక్షరములకంటె ముందు చిత్రముమీద వ్రాలును. ఎవరు గెలిచిరో, ఎంత తేడాతో గెలిచిరో చదువుటకు మునుపే ఆ చిత్రము అతని మనస్సులో ఒక తీర్పును నాటి యుండును. ఆ తీర్పు ఎట్టిదో పరీక్షించి చూచుకొనుట సులభము. చిత్రము క్రింది వ్యాఖ్యను వ్రేలితో మూసి, ఇది ఏ యాట, ఈ వ్యక్తి ఈ క్షణమున చేయుచున్న పని యేమి అని తన్ను తాను ప్రశ్నించుకొన్న చాలును. పురుషక్రీడాకారుని చిత్రమైనచో ఉత్తరము సాధారణముగా తత్‌క్షణమే దొరకును. బంతి యుండును, బ్యాటుండును, గాలిలోనికి లేచిన దేహముండును, ఎదుట ప్రత్యర్థి యుండును. స్త్రీ చిత్రమైనచో పలుమారులు ఆ యుత్తరము దొరకదు. చిరునవ్వు, మెడలో పతకము, చెక్కిలిపై కన్నీరు, ప్రక్కన మురిసిపోవుచున్న తల్లిదండ్రులు కనబడుదురు గాని ఆట కనబడదు. పురుషుని చిత్రము అతడు చేసిన పనిని చెప్పును. స్త్రీ చిత్రము ఆమె చూచుటకు ఎట్లున్నదో చెప్పును. ఈ భేదము ఎక్కడ పుట్టినదో, ఎవరి చేతులలో పెరిగినదో, దానివలన ఎవరికేమి నష్టము కలిగినదో కొంత నిదానముగా విచారింపవలసి యున్నది.

కెమెరా ఉన్నదానిని ఉన్నట్లు చూపునని మనలో చాలమందికి ఒక నమ్మకము. కాని పత్రికలో అచ్చయిన ప్రతి క్రీడాచిత్రము వెనుకను నలుగురైదుగురి నిర్ణయములు దాగియుండును. ఏ పోటీకి ఫోటోగ్రాఫరును పంపవలెనో సంపాదకవర్గము నిశ్చయించును. వెళ్లిన ఫోటోగ్రాఫరు మైదానపుటంచున ఏ మూల కూర్చుండవలెనో, 400 మిల్లీమీటర్ల బరువైన లెన్సును ఎవరివైపు త్రిప్పవలెనో తాను నిశ్చయించుకొనును. సెకనులో వెయ్యవ వంతు మాత్రమే తెఱచుకొను షట్టరు వెనుక, చెఱువులో ఒంటికాలిమీద నిలిచిన కొంగవలె గంటలకొలది కాచుకొన్నవానికి గాని, బంతియు రాకెట్టును కన్నును ఒక్క రేఖమీదికి వచ్చిన క్షణము చిక్కదు. ఆ దినమున అతడు తీసిన వందలు వేల చిత్రములలో కొన్ని మాత్రమే కార్యాలయమునకు చేరును, పి.టి.ఐ., రాయిటర్స్, ఏ.ఎఫ్.పి. వంటి సంస్థలు పంపినవి వానికి తోడగును. రాత్రి డెస్కుమీద కూర్చున్న సబ్ఎడిటరు ఆ రాశిలోనుండి ఒకదానిని ఏఱి, అంచులు కత్తిరించి, రెండు కాలములలో వేయవలెనా అయిదు కాలములలో వేయవలెనా అని తేల్చి, క్రింద రెండు పంక్తుల వ్యాఖ్య వ్రాసి పుటకెక్కించును.

ఈ మెట్లన్నింటిలోను మొదటి మెట్టే ప్రధానమైనదని నా విశ్వాసము. క్రియను పట్టుకొన్న చిత్రము ఖరీదైనది. దానికి మనిషి కావలెను, పరికరము కావలెను, అన్నింటిని మించి ఆ యాటగాని ఆటతీరు ముందుగా తెలిసియుండవలెను. ఫలానా బ్యాట్స్‌మన్ ఏ బంతిని ఎటు కొట్టునో ఏండ్ల తరబడి చూచిన ఫోటోగ్రాఫరు బంతి పడకముందే లెన్సును సిద్ధముగా నుంచుకొనును. స్త్రీల పోటీకి ఎవరినీ పంపని పత్రికకు ఈ జ్ఞానమెట్లు కలుగును? ఆమె గెలిచిన వార్త రాత్రి తెలిసిన పిమ్మట చేయగలిగిన పని యొక్కటే: మఱునాడు ఇంటికి మనిషిని పంపి, పతకములను బల్లమీద పరపించి, నవ్వుమని చెప్పి ఒక ఫోటో తీయించుట. కాబట్టి స్త్రీలను ముఖముగా, బొమ్మగా చూపుట అంతయు దుర్బుద్ధివలన మాత్రమే జరుగునని నేననను. చాలవఱకు అది వెళ్లకపోవుటవలన, కాచుకొనకపోవుటవలన ఏర్పడిన లోటు. ఆట జరిగిన చోట మనిషి లేడు కనుక ఆట లేని చిత్రము అచ్చగును. అట్టి చిత్రమునే నిత్యము చూచిన పాఠకుడు స్త్రీల ఆటలో చూడదగినది ఏమియు లేదని తలచును. పాఠకుడు చూడగోరుట లేదని పత్రిక మఱల మనిషిని పంపదు.

ఐతే మనిషి వెళ్లినంతమాత్రమున న్యాయము జరుగునా? అట్లును చెప్ప వీలులేదు. 1949 వింబుల్డన్ కథ చూడుడు. అమెరికా నుండి వచ్చిన గస్సీ మొరాన్ అను క్రీడాకారిణికి టెడ్ టిన్లింగ్ అను రూపకర్త ఒక దుస్తు కుట్టి యిచ్చెను. పొట్టి స్కర్టు క్రింది లోదుస్తు అంచున కొంచెము లేసు కుట్టెను. అంతే. లండను పత్రికల ఫోటోగ్రాఫర్లు ఆ లేసు కొఱకు కోర్టు ప్రక్క గడ్డిమీద బోర్లపరుండి, కెమెరాలను నేలకానించి చిత్రములు తీసిరి. అవి దేశదేశముల పత్రికలకెక్కినవి. వింబుల్డన్ మర్యాదకు భంగము కలిగినదని కోపించిన నిర్వాహకులతో చెడి టిన్లింగ్ అచ్చటి కొలువును విడువవలసి వచ్చెను. ఇంత గగ్గోలులో మఱుగుపడిన విషయమొకటి కలదు. ఆ యేడే ఆమె పాట్ టాడ్‌తో కలిసి ఆడి, వింబుల్డన్ డబుల్స్ ఫైనలుకు చేరెను. టెన్నిసు ఆడువారి జీవితములో అది సామాన్యమైన ఘనత కాదు. డెబ్బది యేండ్లకు పైబడిన పిమ్మటను లోకము ఆమెను గూర్చి చెప్పుకొనునది ఆ లేసు కథయే.

ఈ సందర్భమున ఫోటోగ్రఫీ తెలిసినవారికి ఒక సంగతి తట్టక మానదు. నేలకానించిన కెమెరా తనంత తాను దోషము కలది కాదు. ఫుట్‌బాలు గోలుకీపరును ఆ కోణమునుండి తీసినచో అతడు ఆకాశమునంటు పర్వతమువలె కనబడును. ఎత్తునుండి తీసినచో ఆ మనిషియే కుదించుకొనిపోయి దీనుడుగా తోచును. బలమును చూపదలచినవాడు క్రిందనుండి తీయునని ఈ విద్య నేర్పువారు మొదటి పాఠములోనే చెప్పుదురు. వింబుల్డన్‌లో జరిగినదేమనగా, పురుషుని మహోన్నతునిగా చూపుటకు వాడు కోణమునే స్త్రీ విషయమున వేఱొక పనికి వాడిరి. కోణములో లేని భేదము, పట్టుకొన్నవాని మనస్సులో ఉన్నది.

ఇట్టి చూపులవలన కలుగు హాని కేవలము మనస్తాపమునకు పరిమితమై యుండిన ఇంత దూరము వ్రాయవలసిన పని లేకపోవును. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్సులో స్త్రీలకు పరుగుపందెములు మొట్టమొదట ప్రవేశపెట్టిరి. 800 మీటర్ల ఫైనలులో తొమ్మండుగురు పరుగెత్తిరి, తొమ్మండుగురును పందెము పూర్తిచేసిరి. జర్మనీ యువతి లీనా రాడ్కే 2 నిమిషముల 16.8 సెకనులలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. జపానుకు చెందిన కినూయె హితోమి రెండవ స్థానమున నిలిచెను. కాని మఱునాటి పత్రికలలో కొన్ని వేఱొక కథను వ్రాసినవి. పరుగు ముగిసిన పిమ్మట అలసి నేలవ్రాలుట, ఊపిరి తీసికొనుటకై పచ్చికమీద ఒఱగుట మగవారు చేసినచో పోరాటపటిమకు నిదర్శనముగా వర్ణించు కలములు, ఆ దృశ్యమునే స్త్రీలయందు చూచి, అబలలు కుప్పకూలిరని, ఇది స్త్రీదేహమునకు తగని పరీక్షయని ఆక్రోశించినవి. పదునొకండుగురు పరుగెత్తిరని వ్రాసినవారు కూడ కలరు. ఆ పందెపు చలనచిత్రము నేటికిని నిలిచియున్నది. పత్రికలు వర్ణించిన ఘోరము దానిలో లేదు. ఐనను అట్టి వ్రాతల బలముతోనే స్త్రీల 800 మీటర్ల పరుగు ఒలింపిక్సునుండి తొలగింపబడి, 1960లో రోము నగరమునందు గాని తిరిగి రాలేదు. అనగా ముప్పదిరెండేండ్లు! ఆ నడుమ పుట్టి, పరుగెత్తి, ముదిసిపోయిన తరమునకు ఎవరు పరిహారము చెల్లింతురు?

క్రీడాంగణమున పక్షపాతము లేని కెమెరా యొకటి కలదు. అది గమ్యరేఖవద్ద నుండు ఫోటోఫినిష్ కెమెరా. అది ముఖమును వెదకదు, దుస్తులను చూడదు. ఆ సన్నని రేఖను ఏ యురము ఏ క్షణమున దాటినదో అంతమాత్రమే నమోదు చేయును. 1984లో లాస్ ఏంజెలిస్‌లో 400 మీటర్ల హర్డిల్సు ఫైనలున పి.టి. ఉషకు సెకనులో నూఱవ వంతు తేడాతో కాంస్యము చేజారిపోయినదని నిర్ణయించినది ఆ కెమెరాయే. ఆ తీర్పు మన గుండెలను కోసినది. కాని ఆ తీర్పులో ఆమె కేవలము ఒక పరుగుకత్తె. పత్రికలోని కెమెరానుండి స్త్రీలు కోరునదియు ఆ మాత్రపు గౌరవమునే అని నాకు తోచును.

1999లో అమెరికాలోని పసడీనా నగరపు రోజ్ బౌల్ స్టేడియమున, తొంబదివేల పైచిలుకు జనము చూచుచుండగా, స్త్రీల ఫుట్‌బాలు ప్రపంచకప్ ఫైనలు జరిగెను. అమెరికా, చైనా జట్లు అదనపు సమయములో సైతము ఒక్క గోలైన చేయలేక పెనాల్టీలకు దిగినవి. చివరి పెనాల్టీని బ్రాండీ చాస్టేన్ గోలుగా మలచి, ఆనందము పట్టలేక చొక్కా విప్పి చేతబట్టి, మోకాళ్లమీద కూలబడి పిడికిళ్లు బిగించి కేక వేసెను. ఆ క్షణము చిత్రముగా లోకమంతట అచ్చైనది. నిజము చెప్పవలెనన్న, అది గొప్ప చిత్రము; కండరములు, గెలుపు, గర్జన అన్నియు దానిలో కలవు. గోలు చేసిన మగవారు చొక్కా విప్పి మైదానమంతయు పరుగెత్తుట అప్పటికే సర్వసామాన్యము. వారి బనియనులను గూర్చి ఎవరును వ్యాసములు వ్రాయలేదు. కాని చాస్టేన్ విషయమున చర్చ పెనాల్టీనుండి లోదుస్తుకు మరలినది. అంతకు ముందు చైనా క్రీడాకారిణి లియూ యింగ్ కొట్టిన బంతిని ప్రక్కకు దూకి ఆపిన బ్రయానా స్కర్రీ లేనిచో ఆ గెలుపే లేదు. ఆ దూకుడును పట్టుకొన్న చిత్రమును ఎందఱు గుర్తుంచుకొనిరి?

ఈ భేదములను పండితులు కూడ పరిశీలించిరి. అమెరికాలో మార్గరెట్ కార్లైల్ డంకన్ 1984, 1988 ఒలింపిక్సుల చిత్రములను పరిశీలించి 1990లో ప్రచురించిన వ్యాసమున, రూపము, దేహమును నిలిపిన తీరు, భావప్రదర్శనము, కెమెరా కోణము మొదలైన వానిద్వారా స్త్రీపురుషభేదము ఎట్లు నిర్మింపబడునో చూపెను. మిన్నెసోటా విశ్వవిద్యాలయమునకు చెందిన మేరీ జో కేన్ అంతకంటె ముఖ్యమైన మాట చెప్పెను. అంగాంగప్రదర్శనము చేసిన చిత్రములు ఆ చిత్రములనే అమ్మును గాని స్త్రీల ఆటకు ఒక్క ప్రేక్షకునైన అదనముగా తేవని ఆమె వాదము.

దీనిని వినని క్రీడాధికారులు నియమములనే కెమెరాకు అనుకూలముగా వ్రాసికొనిరి. బీచ్ వాలీబాలులో 2012కు ముందు స్త్రీల బికినీ క్రిందిభాగపు ప్రక్కవెడల్పు 7 సెంటీమీటర్లు మించరాదని నియమముండెను. ఆ యేడు గాని పొట్టి నిక్కర్లకు, పొడుగు చేతులకు అందఱికి అనుమతి కలుగలేదు. ఆ 2012లోనే మెట్రో అను అమెరికా పత్రిక, అన్ని ఒలింపిక్ క్రీడలను బీచ్ వాలీబాలువలెనే ఫోటో తీసినచో ఎట్లుండునని ప్రశ్నించి, మగక్రీడాకారుల చిత్రములను నడుము క్రిందిభాగము మాత్రము మిగులునట్లు కత్తిరించి ప్రచురించెను. వాదములు చేయలేని పనిని ఆ కత్తెర చేసినది. 2021లో నార్వే స్త్రీల బీచ్ హ్యాండ్‌బాలు జట్టువారు బికినీకి బదులు నిక్కర్లు తొడిగినందుకు యూరపు హ్యాండ్‌బాలు సమాఖ్య వారికి 1500 యూరోల జుల్మానా విధించెను; లోకము నవ్వగా, ఆ యేడు ముగియకముందే ఆ నియమము మారినది.

ఇది ఎక్కడనో పాశ్చాత్యదేశములలోని గొడవ యనుకొనరాదు. ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య 2011లో స్త్రీలందఱు స్కర్టులే తొడిగి ఆడవలెనని శాసింపబూనెను. ఆటను ఆకర్షణీయముగా ప్రదర్శించుటకని వారు చెప్పిన కారణము. సైనా నెహ్వాల్, పి.వి. సింధు ఆనాడు సాధన చేయుచుండిన హైదరాబాదునకు ఆ యాజ్ఞ పరాయిది కాదు. క్రీడాకారిణులనుండి, పలు దేశముల సంఘములనుండి వ్యతిరేకత రాగా వాయిదాలు వేసి వేసి 2012లో దానిని విరమించుకొనిరి. ఆ వేసవిలోనే లండనులో సైనా కాంస్యము గెలిచెను. ఏ దుస్తులో గెలిచెనో ఎవరును అడుగలేదు.

సానియా మీర్జా అనుభవము ఇంకను కఠినమైనది. 2005లో అమెరికన్ ఓపెనులో నాలుగవ రౌండుకు చేరి, ఏ గ్రాండ్‌స్లామ్‌లోనైన అంత దూరము వెళ్లిన మొదటి భారతమహిళగా నిలిచినప్పుడు ఆమెకు పందొమ్మిదేండ్లు నిండలేదు. ఆ నెలలోనే ఆమె స్కర్టు పొడవును గూర్చి మతపెద్దయొకడు అభ్యంతరము తెలుపగా, కలకత్తాలో ఆమె ఆటకు పోలీసుకాపలా పెంచవలసి వచ్చెను. ఆ స్కర్టును ఖండించినవారును, దానినే పెద్దదిగా కనబడునట్లు చిత్రములు వేసినవారును పైకి పరస్పర శత్రువులు. నిజమునకు ఇరువురును చూచినది ఒక్కదానినే. ప్రత్యర్థులను గడగడలాడించిన ఆ ఫోర్‌హ్యాండును, భుజము తిరిగి మణికట్టు విసరిన ఆ వేగమును ఇరుపక్షములవారును చూడలేదు.

మన ఆడబిడ్డల ఆటలో కెమెరాకు దొరకు సంపద ఎంతటిదో ఒక్క ఉదాహరణతో చెప్పుదును. 2000 సెప్టెంబరు 19వ తేదీన సిడ్నీలో, శ్రీకాకుళము జిల్లా ఆముదాలవలస ప్రాంతపు ఊసవానిపేటకు చెందిన కరణం మల్లేశ్వరి 69 కిలోల తరగతిలో స్నాచ్‌న 110, క్లీన్ అండ్ జెర్క్‌న 130, మొత్తము 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకము గెలిచిన మొదటి భారతమహిళయైనది. బరువులెత్తు విద్యలో క్షణక్షణము ఒక చిత్రమే. తెల్లని పొడి రాచుకొన్న అఱచేతులు ఇనుపకడ్డీని బిగించిన క్షణము. బరువు ఛాతీమీదికి వచ్చి మోకాళ్లు మడిగి, ఆ గొంతుకూర్చున్న లోతునుండి లేచుటకు తొడలు వణకిన క్షణము. పాదములు ముందువెనుకలకు చీలి, కడ్డీ రెండు కొసలు వంగి, మోచేతులు బిగిసి, నిర్ణేతలు దించుమని సంజ్ఞ చేయువఱకు ఊపిరి బిగబట్టి నిలిచిన క్షణము. చివరిసారి పసిడి కొఱకు 137.5 కిలోలకు తలపడి ఓడిన క్షణముకూడ నా దృష్టిలో పుటకెక్కదగినదే. ఏలన అది సాహసము. పతకమును చూపుచు నవ్వు చిత్రము ఎంత ముచ్చటైనను, ఆ పతకము ఏ యాటలో వచ్చినదో, ఎంత బరువునకు వచ్చినదో చెప్పజాలదు. 130 కిలోల క్రింద నిలిచిన మనిషిని చూచిన బాలిక మనస్సులో కలుగు ఊహ వేఱు, పూలదండతో నిలిచిన మనిషిని చూచిన బాలిక మనస్సులో కలుగు ఊహ వేఱు.

స్త్రీల ఆటను ఆటగానే చూపవలెనను మాటకు రెండు ఆక్షేపణలు వినబడుచుండును. పాఠకులు కోరునదే ఇచ్చుచున్నామని మొదటిది. దీనికి సమాధానము 2025 నవంబరు 2వ తేదీ రాత్రి నవీ ముంబయిలో లభించినది. దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి మన స్త్రీల క్రికెట్టు జట్టు ప్రపంచకప్పు గెలిచిన ఆ రాత్రి డి.వై. పాటిల్ స్టేడియము జనముతో నిండియుండెను. కడపజిల్లా పల్లెనుండి వచ్చిన శ్రీచరణి ఆ జట్టులో బంతి వేసినది. కెప్టెను హర్మన్‌ప్రీత్ వెనుకకు పరుగెత్తి ఎగిరి చివరి క్యాచి పట్టిన ఘట్టమునకు కెమెరాల కొఱత లేదు, ఏలన ఆనాడు కెమెరాలు అక్కడ నుండెను. పురుషుల పోటీకి వెళ్లునన్ని కెమెరాలు వెళ్లినచో, పురుషుల చిత్రములవంటి చిత్రములే వచ్చును. రెండవ ఆక్షేపణ: క్రీడాకారిణులే అలంకరించుకొని ఫోటోలు దిగుచున్నారు గదా, పత్రికల తప్పేమని. అలంకరించుకొనుట వారి యిష్టము. పండుగనాడు పట్టుచీర కట్టుకొనుటకు ఎవరి యనుమతియు నక్కఱలేదు. ఆ చిత్రమునకు పత్రికలో చోటున్నది, క్రీడాపుటలో ఆట చిత్రమునకు బదులుగా మాత్రము లేదు. 2017 ప్రపంచకప్పు ముందు మిథాలీ రాజ్‌ను మీకు ఇష్టమైన మగక్రికెటరు ఎవరని విలేఖరి యొకడు ప్రశ్నింపగా, ఇదే ప్రశ్న మగక్రికెటరును అడుగుదురా అని ఆమె ఎదురు ప్రశ్న వేసెను. మన ఫోటో డెస్కులలో ప్రతి రాత్రి వేసికొనదగిన ప్రశ్న అది. ఇదే చిత్రమును, ఇదే కత్తిరింపుతో, మగవానిది వేయుదుమా?

మార్పు రాకపోలేదు. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము 2018లో స్త్రీపురుషుల చిత్రణమును గూర్చి మార్గదర్శకములను వెలువరించి 2021లో వానిని విస్తరించినది. దేహభాగములమీద అనవసరముగా దృష్టి నిలుపరాదని, దుస్తులు తొలగిన క్షణములను ప్రసారము చేయరాదని వానిలో కలదు. 2024 పారిస్ క్రీడల సందర్భమున ఒలింపిక్ ప్రసారసంస్థ అధిపతి యానిస్ ఎక్సార్కోస్, కెమెరా పట్టువారు తెలియకయే స్త్రీలను మఱింత దగ్గఱనుండి చూపుచున్నారని బహిరంగముగా నంగీకరించి, అట్లు చేయవలదని వారికి చెప్పెను. తెలియకయే అన్న మాట గమనింపదగినది. అలవాటు అంత లోతుగా పాతుకొని యున్నది.

కాని పారిస్ నియమములు మన మండలకేంద్రపు మైదానమునకు వాటంతట అవి రావు. పాఠశాలల కబడ్డీ పోటీలలో గెలిచిన బాలికల చిత్రము జిల్లా అనుబంధములో ఎట్లు వచ్చునో మనకందఱకు తెలిసినదే. నడుమ ముఖ్య అతిథి, ఇరుప్రక్కల పెద్దలు, కప్పు నొక కొసను పట్టుకొని అంచున నిలిచిన బాలికలు. మగపిల్లలకును ఈ దుస్థితి కొంత కలదు. కాని వారికి ఇతర దినములలో ఆట చిత్రము దొరకు నవకాశమైన నున్నది. ఫోటోగ్రాఫరు బహుమతి ప్రదానపు వేళకు రాక, ఒక గంట ముందుగా వచ్చి ప్రత్యర్థి కోర్టు చివరిగీత ప్రక్కన కూర్చున్నచో, కూతకు వచ్చిన పిల్ల బోనసు గీతమీదికి కాలు సాచి, చీలమండ పట్టుకొనవచ్చిన ఇద్దఱిని ఈడ్చుకొనుచు మధ్యగీతకు చేయి చాచు క్షణము అతనికి దక్కును. దానికి 400 మిల్లీమీటర్ల లెన్సు కూడ అక్కఱలేదు, అంత దగ్గఱగా జరుగును. వ్యాఖ్యలో ఆ పిల్ల పేరు, బడి పేరు, తెచ్చిన పాయింట్లు వ్రాసి, ముఖ్య అతిథి పేరును వార్తలో చివరి వాక్యమునకు పంపవచ్చును.